రొట్టెముక్కకు ఒక పాఠము

ఆంగ్లము బాగుగా వచ్చుటకు ఏమి చేయవలెనని విద్యార్థులు అడుగుటయు, ఫలానా వ్యాకరణము కొనుము, ఫలానా గైడు చదువుమని పెద్దలు చెప్పుటయు మనకు నిత్యము వినవచ్చు సంభాషణమే. తెలుగు బోధించు నావంటివారిని సైతము ఈ ప్రశ్న విడిచిపెట్టదు. అట్టి సమయములందు నాకు వ్యాకరణ గ్రంథములకంటె ముందుగా ఒక బాలుడు జ్ఞప్తికి వచ్చుచుండును. వానికి బడి లేదు, పంతులు లేడు, పలక లేదు. అక్షరము నేర్వరాదను ఆజ్ఞ మాత్రము ఉండెను. ఓడరేవు వీధులలో పనులమీద పోవుచు వచ్చుచు, తోడి పిల్లలతో ఆడుచు పాడుచు ఆ బాలుడు ఆంగ్లమును సంపాదించెను. పెరిగి పెద్దవాడై, పందొమ్మిదవ శతాబ్దపు అమెరికాలో ఆ భాషను వేదికపై ప్రయోగించిన వారిలో అగ్రగణ్యుడయ్యెను. ఆతడే ఫ్రెడరిక్ డగ్లస్.

1818వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో మేరీలాండ్ రాష్ట్రమునందలి టాల్బట్ మండలమున ఒక బానిస స్త్రీకి ఆతడు జన్మించెను. తల్లి పెట్టిన పేరు ఫ్రెడరిక్ అగస్టస్ వాషింగ్టన్ బెయిలీ. పేరు అంత పొడవైనది గాని, తాను ఏనాడు పుట్టినదియు ఆ బాలుడెరుగడు. తన వయస్సు తెలియకపోవుట ఆతనిని జీవితాంతము బాధించిన కొరత. 1817లో పుట్టియుందునని ఊహించుకొనుచుండెను. ఆతడు గతించిన చాలకాలమునకు పరిశోధకులు యజమాని ఖాతాపుస్తకమును వెదకి పట్టి అసలు సంవత్సరమును తేల్చిరి.

తల్లి హారియట్‌ను పసితనముననే బిడ్డనుండి వేరుచేసి దూరపు పొలమునకు పంపిరి. పగలెల్ల పొలములో పనిచేసి, రాత్రివేళ పన్నెండు మైళ్లు నడచివచ్చి, బిడ్డను ప్రక్కలో వేసికొని, తెల్లవారకముందే ఆమె తిరిగి పోవుచుండెడిది. అట్లు వచ్చినది నాలుగైదు పర్యాయములే. బాలునికి ఏడేండ్లు రాకముందో వచ్చిన పిదపనో ఆమె మరణించెను. పెంచినది అమ్మమ్మ బెట్సీ బెయిలీ. ఆరేండ్ల ప్రాయమున ఆ అమ్మమ్మ చేతినుండి కూడ తీసికొని వానిని కర్నల్ లాయిడ్ అను సంపన్నుని తోటలకు చేర్చిరి. అచ్చట లాయిడ్ చిన్నకుమారుడు డేనియల్ వానిని ఆటలకు తోడు పిలుచుకొనెను. దొరబిడ్డతో తిరుగుటచేత దొరల మాటతీరు ఆ బాలుని నాలుకకు తెలియకుండగనే పట్టుబడెను. భాష మొదట చెవినుండి వచ్చునను మాటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను? కాని చెవినుండి వచ్చినది సగమే. తక్కిన సగము కన్నులనుండి రావలెను. దానికి దారి 1826లో బాల్టిమోరు నగరమున తెరచుకొనెను.

ఎనిమిదేండ్ల ఫ్రెడరిక్‌ను బాల్టిమోరులో హ్యూ ఆల్డ్ అను ఆసామి ఇంటికి పంపిరి. ఆయన కుమారుడు పసివాడగు టామీని కనిపెట్టుకొని యుండుట ఆతని పని. ఇల్లాలు సోఫియా అంతకుముందు బానిసలను ఏలి ఎరుగదు. నేతపని చేసికొని బ్రతికిన మనిషి. బానిసను మనిషివలె చూడరాదను మర్యాద ఆమె ఇంకను నేర్చుకొనలేదు. ఆమె బైబిలును బిగ్గరగా చదువుచుండగా విని, ఆ నల్లని గీతలనుండి మాటలు ఎట్లు పుట్టుచున్నవో తెలిసికొనవలెనను కోరిక పుట్టి, తనకు కూడ చదువు చెప్పుమని బాలుడు అడిగెను. ఆమె సంతోషముతో అక్షరములు నేర్పెను. మూడు నాలుగు అక్షరముల మాటలవరకు పాఠము సాగెను. శిష్యుని చురుకుదనమునకు మురిసి ఆమె భర్తతో చెప్పెను. అంతటితో పాఠము ముగిసెను.

హ్యూ ఆల్డ్ కోపముతో భార్యను మందలించెను. బానిసకు చదువు నేర్పుట చట్టవిరుద్ధమని, ప్రమాదకరమని, చదువబ్బిన బానిస ఇక బానిసగా నిలువడని ఆయన వాదము. ఆయన చేసిన పొరపాటు ఒకటే: ఆ మాటలన్నియు బాలుడు వినుచుండగా పలికెను. చదువు గొప్పదనమును గూర్చి ఎందరు పండితులు ఎన్ని ఉపన్యాసములిచ్చినను, ఆ చదువు వలదన్న ఆ యజమాని మందలింపు పనిచేసినంతగా పనిచేసియుండవు. తెల్లవాడు నల్లవానిని అణచియుంచు రహస్యమేదో ఆ క్షణమున ఫ్రెడరిక్‌కు తెలిసిపోయెను. యజమాని దేనికి భయపడుచున్నాడో దానినే తాను సాధింపవలెనని నిశ్చయించుకొనెను. నేర్పుటలో ఇల్లాలు చూపిన దయకెంత ఋణపడెనో, నిషేధించుటలో యజమాని చూపిన కాఠిన్యమునకును అంత ఋణపడితినని తరువాత ఆతడే తలచుకొనెను.

ఇల్లాలు క్రమముగా మారిపోయెను. బాలుడు వార్తాపత్రిక పట్టుకొని మూల కూర్చుండిన యెడల వచ్చి లాగికొనుచుండెను. గదిలో కొంతసేపు అలికిడి లేకున్నచో చదువుచున్నాడేమోయని అనుమానము. ఇంటిలో దారి మూసికొనగా ఆతడు వీధిలో బడి పెట్టుకొనెను.

ఆ బడి నడచిన తీరు వినదగినది. ఇంటిలో రొట్టెకు కొరత లేదు. బానిస బాలుడు కోరినంత తీసికొనవచ్చును. వీధిలోని పేద తెల్లపిల్లలకు కడుపునిండ తిండి లేదు. ఫ్రెడరిక్ బజారుపనిమీద బయలుదేరునపుడు జేబులో రొట్టె, చంకలో నోవా వెబ్‌స్టర్ రచించిన వర్ణక్రమపుస్తకము ఉండుచుండెను. పనిని పరుగుపరుగున ముగించి, మిగిలిన నిమిషములను పాఠమునకు వినియోగించుచుండెను. ఆకలితో నున్న పిల్లవానికి రొట్టెముక్క ఇచ్చును. వాడు ఒక మాట చదివి చెప్పును. గురుదక్షిణ ముందే చెల్లించి విద్య కొనుక్కొన్న శిష్యుడాతడు. తన గ్రంథమున ఆ పిల్లలను ప్రేమతో స్మరించెను గాని వారి పేర్లు వ్రాయలేదు. బానిసకు చదువు చెప్పుట ఆ దేశమున మహాపరాధము కనుక, వ్రాసినచో వారికి చిక్కు కలుగునని సంకోచించెను.

చదువుకొనుటకు దొరికినదెల్ల ఆతనికి పాఠ్యపుస్తకమే. వీధి కాలువలలో పడియున్న బైబిలు పుటలను ఏరి తెచ్చి, కడిగి, ఆరబెట్టి, వీలు చిక్కినపుడు ఒకటి రెండు మాటలు కూడబలుకుకొనుచుండెను. రేవులో బండి తోలుకొని బ్రతుకు లాసన్ అను నల్లజాతి వృద్ధుడొకడు పరమభక్తుడు. ఆయనకు చదువు అంతంత మాత్రము. బాలుడు ఆయనకు కఠినమైన మాటలను చదివి చెప్పును; ఆయన బాలునికి వాని భావమును వివరించును. ఇరువురికిని లాభము. ఒకరికొకరు గురువులైన ఇట్టి జంటలను మన తరగతులలో కూర్చుండబెట్టినచో, మేము చెప్పు పాఠములకంటె ఎక్కువ ఫలితము కలుగునని నా నమ్మకము.

పన్నెండేండ్ల ప్రాయమున బూట్లకు నల్లరంగు పూసి సంపాదించిన డబ్బులో 50 సెంట్లు పెట్టి ఆతడు ఒక పుస్తకము కొనెను. అది కేలబ్ బింగమ్ సంకలనము చేయగా 1797లో తొలుత వెలువడిన కొలంబియన్ ఆరేటర్. బడిపిల్లలు కంఠస్థము చేసి వేదికపై వప్పగించుటకు ఉద్దేశించిన ఉపన్యాసములు, సంభాషణలు అందున్నవి. తెల్లపిల్లలు దానిని వప్పగించుచుండగా విని, తాను కూడ కొనుక్కొనెను. అందొక బానిసకును యజమానికిని నడచిన సంభాషణ కలదు. పారిపోయి పట్టుబడిన బానిస యజమాని వాదములనన్నింటిని ఒక్కొక్కటిగా ఖండింపగా, తుదకు యజమాని వానికి స్వేచ్ఛ నొసగును. ఈ సంభాషణను ఫ్రెడరిక్ ఎన్నిమార్లు చదివెనో లెక్కలేదు. ఇది పరీక్షకు చదివిన చదువు కాదు. తన గుండెలో కదలి, మాట దొరకక అణగిపోవుచుండిన తలపులకు ఆ పుటలు నాలుక నిచ్చినవి. ఉచ్చారణయు, వాక్యము నడుపు తీరును, వాదమును పేర్చు నేర్పును బిగ్గరగా చదువుట వలన దానితోపాటే వచ్చినవి.

ఒక మాట సంగతి ఉపాధ్యాయులకు ప్రత్యేకముగా చెప్పదగినది. అబాలిషన్ అను మాట పెద్దల నోట తరచుగా ఆతని చెవిని పడుచుండెను. బానిస పారిపోయినను, యజమానిని ఎదిరించినను, కొట్టమునకు నిప్పంటుకొన్నను, అది ఆ అబాలిషన్ ఫలమే యని వారు కోపముతో అనుచుండిరి. ఏమిటిది? నిఘంటువు తెరచి చూచెను. అబాలిష్ చేయుటయే అబాలిషన్ అని యుండెను. దేనిని? ఆ సంగతి నిఘంటువు చెప్పలేదు. ఎవరినైన అడుగుటకు భయము. కొంతకాలమునకు ఒక వార్తాపత్రిక చేతబడెను. రాజధానీ మండలమున బానిసత్వమును, రాష్ట్రముల మధ్య బానిసల వర్తకమును తొలగింపుమని ఉత్తరాది ప్రజలు కాంగ్రెసునకు పంపిన విన్నపముల వార్త అందుండెను. అపుడా మాట విచ్చుకొనెను. నాటినుండి ఆ మాట ఎచ్చట వినబడినను చెవి యొగ్గి చేరువకు పోవుచుండెను. అర్థములను కాగితమున వరుసగా వ్రాయించి వల్లెవేయించు మనము, మాట తన తావున నిలిచి యుండగా చూచుట వేరు, నిఘంటువున చూచుట వేరు అని ఎన్నడైన పిల్లలకు చూపుచున్నామా?

అయితే ఈ చదువు సుఖమునే ఇచ్చెననుకొనరాదు. యజమాని జోస్యము ఫలించినది. చదివినకొలది తన స్థితి తనకు స్పష్టమై, ఫ్రెడరిక్ మనశ్శాంతిని కోల్పోయెను. రోగము తెలిసినది, మందు కానరాలేదు. అక్షరమెరుగని తోడి బానిసలను చూచి అసూయపడిన దినములున్నవి. పశువునైనను బాగుండెడిదని తలచిన దినములున్నవి.

ఒకనాడు రేవులో ఇరువురు ఐర్లాండు కూలీలు పడవనుండి రాళ్లు దింపుచుండగా పిలువకయే పోయి సాయపడెను. జన్మాంతము బానిసవేనా యని వారడిగి, జాలిపడి, ఉత్తరమునకు పారిపొమ్మని చెప్పిరి. ఆశచూపి పట్టియిచ్చి బహుమతి తీసికొనువారు కూడ ఉన్న కాలమది. కనుక వినిపించుకొననట్లు నటించెను. కాని మనస్సులో ఒక లెక్క వేసికొనెను. ఊరు దాటుటకు బానిసకు యజమాని సంతకముగల అనుమతిచీటి కావలెను. వ్రాయుట తెలిసినచో ఆ చీటిని తానే వ్రాసికొనవచ్చును గదా! చదువు మనస్సునకు, వ్రాత కాళ్లకు. వ్రాత నేర్చువరకు పారిపోరాదని గడువు పెట్టుకొనెను.

వ్రాతకు గురువులు ఓడలు కట్టు దూలములు. డర్గిన్ అండ్ బెయిలీ వారి ఓడల కార్ఖానాలో వడ్రంగులు దూలమును చెక్కి, అది ఓడలో ఎచ్చట అమరవలెనో దానిపై అక్షరముతో గుర్తు పెట్టుచుండిరి. ఓడ ఎడమ పార్శ్వమును ఆనాడు లార్‌బోర్డ్ అనెడివారు కనుక దానికి ఎల్; కుడి పార్శ్వము స్టార్‌బోర్డ్ కనుక ఎస్. ఎడమవైపు ముందుభాగమైనచో ఎల్ ప్రక్కన ఎఫ్, వెనుకభాగమైనచో ఎల్ ప్రక్కన ఏ. కుడివైపునకు ఎస్‌తో అట్లే. ఈ నాలుగక్షరములను ఫ్రెడరిక్ దూలములను చూచి దిద్దుకొనెను. పిదప పందెములు మొదలుపెట్టెను. వ్రాయుట తెలిసిన పిల్లవాడు ఎదురుపడినచో, నీకంటె నేను బాగుగా వ్రాయగలనని కవ్వించును. వాడు నమ్మడు. ఇతడు తనకు వచ్చిన నాలుగక్షరములను వ్రాసి, దీనిని మించి వ్రాయుమనును. వాడు రోషముతో తనకు వచ్చినవన్నియు వ్రాసి చూపును. పందెము పోయినను పాఠము దక్కును. కంచెలు, ఇటుక గోడలు, రాతి బాటలు పలకలు, సుద్దముక్క బలపము. మన వీధిబడులలో ఇసుకలో వ్రేలితో దిద్దిన తాతముత్తాతలకు ఈ సాధనసామగ్రి వింతగా తోచియుండదు.

అంతలో టామీ బడికి పోయి చూచివ్రాత పుస్తకములు నింపి తెచ్చెను. అవి ఇరుగుపొరుగువారికి చూపిన పిదప మూలబడినవి. ప్రతి సోమవారము మధ్యాహ్నము ఇల్లాలు ప్రార్థనాసమావేశమునకు పోయి ఇల్లు ఫ్రెడరిక్‌కు అప్పగించుచుండెను. ఆ వేళలో టామీ వ్రాసిన పంక్తుల నడుమ మిగిలిన ఖాళీలలో ఆ వ్రాతనే తిరిగి వ్రాసి, తుదకు టామీ దస్తూరికిని తన దస్తూరికిని భేదము లేనంతగా సాధించెను. రాత్రులు వంటయింటి అటుకపై పిండిపీపాను బల్లగా చేసికొని బైబిలునుండియు, కీర్తనల పుస్తకమునుండియు ఎత్తివ్రాయుచుండెను. ఇట్లు వ్రాత చేతికి వచ్చుటకు ఏండ్లు పట్టినవి.

ఆ వ్రాత పనికివచ్చిన దినము కూడ వచ్చెను. 1833లో వానిని బాల్టిమోరునుండి తిరిగి పల్లెకు, హ్యూ అన్నయగు థామస్ ఆల్డ్ వద్దకు పంపిరి. అచ్చట ఆదివారపు బడి పెట్టగా ఊరిపెద్దలు కర్రలతో వచ్చి చెదరగొట్టిరి. లొంగదీయుటకని మరుసటి సంవత్సరము కోవీ అను క్రూరుని పొలమునకు బాడుగకిచ్చిరి. ఆరునెలలు కొరడాదెబ్బలు తిని, ఒకనాడు తిరుగబడి రెండుగంటలపాటు పెనగులాడి, మరల తనపై చేయి పడకుండ చేసికొనెను. తరువాత ఫ్రీలాండ్ అను నాతని పొలములో నుండగా రహస్యముగా మరియొక ఆదివారపు బడి నడపెను. విద్యార్థులు నలువదిమందికి పైగా చేరిరి, పిల్లలేకాక పెద్దలును. పట్టుబడినచో ఒక్కొక్కరికి ముప్పది తొమ్మిది కొరడాదెబ్బలని ఎరిగియే వారు వచ్చుచుండిరి. తాను సాధించిన పనులలో ఈ బడిని తలచుకొన్నప్పుడు కలుగు తృప్తి వేరనెను.

1836 వసంతమున ఆతడును మరికొందరును పడవలో పారిపోవ సంకల్పించిరి. అనుమతిచీటీలు యజమానులు ఇచ్చినట్లుగా ఫ్రెడరిక్ స్వహస్తముతో వ్రాసి పంచెను. దూలములు, గోడలు, టామీ పుస్తకములు నేర్పిన వ్రాత అది. ఎవరో గుట్టు బయటపెట్టిరి. చేతులు కట్టి ఈడ్చుకొనిపోవుచుండగా, ఫ్రెడరిక్ తన చీటిని అంతకుముందే నిప్పులో పడవేసెను. తోడివాడొకడు చీటిని ఏమిచేయుదునని గుసగుసగా అడుగగా, రొట్టెతోపాటు తినివేయుమనెను. సాక్ష్యము కడుపులోనికి పోయెను. ఒకప్పుడు రొట్టెనిచ్చి అక్షరము కొన్నవాడు ఇప్పుడు రొట్టెలో చుట్టి అక్షరమును మింగింపవలసి వచ్చినది.

చెరసాలనుండి విడిపించి థామస్ ఆల్డ్ వానిని దక్షిణమునకు అమ్మక, మరల బాల్టిమోరుకే పంపెను. అచ్చట ఓడ పలకల సందులను నారతో పూడ్చు పని నేర్చి, స్వతంత్రులైన నల్లజాతి పనివారు నడుపు చర్చాసంఘమున చేరి వాదప్రతివాదములందు ఆరితేరెను. ఆనా మర్రే అను స్వతంత్రురాలు అప్పుడే పరిచయమయ్యెను. 1838 సెప్టెంబరు 3వ తేదీన నావికుని వేషమున, ఒక నావికుని వద్ద ఎరవు పుచ్చుకొన్న గుర్తింపు పత్రముతో రైలెక్కి, ఒక్క దినములో న్యూయార్కు చేరెను. ఇంతపాటు పడి నేర్చిన వ్రాత అక్కరకు రాకుండగనే విముక్తి కలిగినది. ఆ పత్రములోని పోలికలు తనవి కావు. గార్డు పరిశీలించి చూడలేదు. ఆనా వెంటనే వచ్చి చేరెను, వివాహమయ్యెను. న్యూ బెడ్‌ఫర్డ్ పట్టణమున కాపురము పెట్టి, వాల్టర్ స్కాట్ కావ్యమొకటి చదివిన మిత్రుని సలహాపై అందలి నాయకుని ఇంటిపేరును తనదిగా చేసికొని డగ్లస్ అయ్యెను.

అటుపిమ్మటి చరిత్ర లోకవిదితమే. 1841లో నాన్‌టకెట్ ద్వీపమున బానిసత్వ విరోధుల సభలో మాటాడుటకు లేచి తడబడుచు ఆరంభించెను. సభ ముగియునప్పటికి వారి ఉపన్యాసకుడుగా నియమింపబడెను. విచిత్రమేమన, కొలదికాలమునకే ఆతని ఆంగ్లమే ఆతనికి శత్రువయ్యెను. ఇంత చక్కగా మాటాడువాడు ఎన్నడైనను బానిసయై యుండునా యని శ్రోతలు సందేహింపసాగిరి. కొంచెము తోటకూలీల యాసను కలిపి మాటాడుమని స్వపక్షము పెద్దలే హితవు చెప్పిరి. ఆయన అంగీకరింపలేదు. సందేహము తీర్చుటకు 1845లో తన కథను గ్రంథముగా వ్రాసి యజమానుల పేర్లు, ఊళ్ల పేర్లు బయటపెట్టెను. అట్లు వ్రాయుట తన జాడను తానే తెలుపుట. చట్టప్రకారము ఆయన ఇంకను ఆల్డ్ సొత్తే. కనుక ఐర్లాండు, ఇంగ్లండులకు పోయి దాదాపు రెండేండ్లు గడపవలసి వచ్చినది. ఆంగ్లేయ మిత్రులు 150 పౌనులు చెల్లించి 1846 డిసెంబరులో ఆయనను విడిపించిరి. తిరిగివచ్చి 1847లో రాచెస్టర్ నగరమునుండి నార్త్ స్టార్ పత్రికను స్థాపించెను. అంతర్యుద్ధకాలమున లింకనుతో ముఖాముఖి మాటాడెను. ఆయన కుమారులిరువురు సైన్యమున చేరిరి. 1865లో బానిసత్వము రాజ్యాంగము నుండియే తొలగిపోయెను. ఆ అబాలిషన్ అను మాటకు పూర్తి అర్థము ఆనాడు తెలియవచ్చినదనవచ్చును.

ఆయన ఇంటిలోనే ఒక వెలితి నిలిచిపోయినది. పారిపోవుటకు తన కూడబెట్టినది ఇచ్చి, నలువది నాలుగేండ్లు కాపురము చేసి, ఇంటిబరువెల్ల మోసిన ఆనాకు చదువబ్బలేదు. ప్రపంచమునకు అక్షరము పంచినవాని ఇంట ఇది ఎట్లు జరిగెనో ఆయన రచనలలో వెదకినను సమాధానము దొరకదు. ఆమె 1882లో కన్నుమూసెను. రెండేండ్లకు హెలెన్ పిట్స్ అను విద్యావతిని వివాహమాడెను.

1877లో, అప్పటికి రాజధానీ మండలమునకు మార్షల్ పదవిలో నున్న డగ్లస్, మరణశయ్యపై నున్న థామస్ ఆల్డ్‌ను చూడబోయెను. ఇరువురును కంటతడి పెట్టుకొనిరి. మాటల నడుమ డగ్లస్ అడిగిన సంగతులలో ఒకటి తన పుట్టిన సంవత్సరము. ఆల్డ్ 1818 ఫిబ్రవరి అని చెప్పినను ఆయన దానిని రూఢిగా గ్రహింపలేదు.

1895 ఫిబ్రవరి 20వ తేదీన వాషింగ్టన్‌లో స్త్రీల హక్కుల సభకు పోయి, సాయంకాలము సీడర్ హిల్ అను తన ఇంటికి వచ్చి, ఆనాటి సభా విశేషములను హెలెన్‌కు వర్ణించి చెప్పుచు కుప్పకూలి ప్రాణము విడిచెను. ఆ ఇల్లు నేడు జాతీయ స్మారకచిహ్నము. ఆయన గ్రంథముల బీరువాలు అచ్చటనే ఉన్నవి; ఆయన చేతివ్రాత కాగితములు ఆ నగరముననే కాంగ్రెసు గ్రంథాలయమున భద్రముగా నున్నవి.